తలుపు మీద చెయ్యి

మా తమ్ముడి కూతురు తియాసా వేసుకు తిరుగుతున్న నల్ల టీషర్టు మీద ఒక ఆడపిల్ల మొహం ఉంది. తడిసి చెంపలకి అంటుకుపోయిన జుట్టు, మొహానికి మించిన పెద్ద కళ్ళు, పెదవి కింద ఎడమవైపు ఒక పుట్టుమచ్చ. కలకత్తా న్యూ టౌన్‌లో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళి గంట కొడితే, తియాసా తలుపు తీసి "రా అత్తా" అని ఎదురుగా నిలబడింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ మొహానికి మా అమ్మ ఇన్నేళ్ళుగా శుక్రవారం శుక్రవారం పసుపు రాసి, కుంకం పెట్టి, దీపం వెలిగిస్తోంది. మా ఇంట్లో అది మా అక్క పైడమ్మ మొహం. చచ్చిపోయి మా ఇంటి పేరంటాలైన మా అక్క మొహం.

ఆరోజు నన్ను పిలిపించింది మా అమ్మే. తమ్ముడు ఇంటికి కొత్తగా పాలరాతి పూజామందిరం తెచ్చాడు. గాజు తలుపులు, లోపల సన్నటి దీపాల వరసలు, అంతా బాగానే ఉంది. అందులోకి మా పాత పటం పట్టలేదు. పట్టకపోవడం అనేది మరదలు మర్యాదకి అన్న మాట. అమ్మ ఫోన్‌లో నాతో ఉన్నదున్నట్టు చెప్పింది. "ఈలకి అక్కరనేదే. నువ్వొచ్చి అట్టుకెల్లిపో. నాను పోతే దానికి దీపం ఎట్టేది ఎవులే? నువ్వే ఎట్టాల. దాని తోడబుట్టినదానివి గదా" అంది. నేను సరేననలేదు, కాదనలేదు. గార్డెన్ రీచ్ నుంచి ఆటో, రెండు బస్సులు మారి న్యూ టౌన్ చేరేవరకూ అదే ఆలోచన. నాకు ఆ పటం అక్కర్లేదు. దానికి దీపం పెట్టడం అంటే మా అమ్మ చేసిందంతా సబబే అని ఒప్పుకున్నట్టు. అది నా వల్ల కాదు.

పేరంటాలంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. మా శ్రీకాకుళం వైపు, మెడలో పుస్తెలుండగా ఇంటి ఆడపడుచు చచ్చిపోతే, ఆమెను దేవతగా నిలబెట్టి పూజ చేస్తారు. కొత్త చీర పెడతారు, రవికెల గుడ్డ పెడతారు, పండక్కి ముందుగా ఆమెకే వడ్డిస్తారు. మా తాతల నాడు ఊరొదిలి పోర్టు పనికి కలకత్తా వచ్చినవాళ్ళు చాలా వదిలేసుకొచ్చారు గాని దీన్ని మాత్రం భద్రంగా మూట కట్టుకొచ్చారు. బతికుండగా ఒక్క రవికెల గుడ్డకి నోచుకోని ఆడది, చచ్చాక ఏటా ఒకటి కట్టుకుంటుంది. నాకు చిన్నప్పటినుంచీ దీని మీద మంటే.

మా నాన్న రేవులో కూలీ. ఓడల్లోంచి సరుకు దించే ముఠాలో మనిషి. సాయంత్రం ఇంటికొస్తే గుమ్మం బయటే నిలబడేవాడు. అమ్మ రెండు చెంబులు నీళ్ళు కాళ్ళ మీద పోస్తేగాని లోపలికి వచ్చేవాడు కాదు. ఒక్కోరోజు గంధకం వాసన, ఒక్కోరోజు జనపనార వాసన, వానాకాలంలో తడిసిన బస్తాల ముక్కిన వాసన. వీధి పొడుగునా బొగ్గుల పొయ్యిలు ఒకేసారి రాజేసేవారు కాబట్టి ఆ వేళకి పొగ మా నడుముల ఎత్తులో ఆగి ఉండేది. నాన్న మొహం కనపడేలోపే వాసన బట్టి ఆరోజు ఏ సరుకు దిగిందో మా అక్క చెప్పేసేది. నేను ఎప్పుడూ తప్పే చెప్పేదాన్ని. అమ్మ చోడంబలి గిన్నె ముందు పెట్టేది, నాన్న మాట్లాడకుండా తాగేవాడు. మా ఇంట్లో మాటలన్నీ మా అక్కవే.

ఆ మాటలన్నీ ఠోంగాలు చేస్తూ చెప్పినవి. ఠోంగాలంటే కొట్లలో మూరీలు, అంటే మరమరాలు, పప్పులు పోసిచ్చే కాగితం సంచులు. మధ్యాహ్నాలు అమ్మా, అక్కా, నేనూ మైదా జిగురు గిన్నె మధ్యలో పెట్టుకుని పాత కాగితాలు మడిచి అంటించేవాళ్ళం. పుల్లగా ఉండేది ఆ జిగురు వాసన, రెండోరోజుకి ఇల్లంతా పట్టేది. ఈ పని కోసమే నాన్న ఓడల్లో నావికులు పారేసిన పుస్తకాలు అడిగి తెచ్చేవాడు. అలా ఒకసారి జపాన్ ఓడ నుంచి ఇటుకంత లావు బొమ్మల పుస్తకం వచ్చింది. కాగితం మరీ మెత్తగా ఉండి జిగురు తగిలితే చిరిగిపోయేది, సిరా మూరీలకి అంటేది. "దీన్ని పొయ్యిలోకెట్టు" అంది అమ్మ. అక్క పెట్టలేదు. దిండు కింద దాచుకుంది.

అది దెయ్యం కథ. ఆ సంగతి అక్షరం రాకపోయినా తెలుస్తుంది. వాన, చీకటి వీధి, తడిజుట్టు పిల్ల, మూసిన తలుపులు. మా అక్క ఠోంగాలు మడుస్తూ పక్కన ఆ పుస్తకం తెరిచిపెట్టి ఒక్కో బొమ్మా చూపించి చెప్పేది. మొదట ఆ పిల్ల దెయ్యం. వానలో ఇల్లిల్లూ తిరుగుతుంది, తలుపు తట్టినా ఎవరూ తియ్యరు. తిరిగి తిరిగి చివరికి సొంతింటికి వస్తుంది. అక్కడ ఒక పేజీ నిండా ఒకే బొమ్మ: తలుపు మీద ఒక ఆడమనిషి చెయ్యి. "సూడు, అమ్మ తలుపు తీస్తంది" అనేది అక్క. ఆ కాగితం తిప్పితే ఆ పిల్ల ఇంట్లో కూర్చుని, ఆరిన జుట్టుతో, గిన్నె చేత పట్టుకుని నవ్వుతూ అన్నం తింటూ ఉంటుంది. రంగుల బొమ్మ, పుస్తకం మొత్తానికి అదొక్కటే రంగుల పేజీ. "అమ్మ తలుపు తీసింది గదా, మరి దెయ్యం ఎలాగవుతాది? మనిషైపోయింది" అని అక్క కథ ముగించేది. రోజూ అదే కథ, రోజూ నేను ఆ చెయ్యి దగ్గర ఊపిరి బిగపట్టేదాన్ని. ఒకరోజు "బోసి నుదురేటి పాపం" అని అక్క తన వేలితో ఆ అన్నం తినే పిల్లకి కుంకం బొట్టు పెట్టింది. పుట్టుమచ్చ కూడా అక్కకున్నచోటే ఉందని మేమిద్దరం నవ్వుకున్నాం. అమ్మ కూడా వంగి చూసి నవ్వింది. నవ్వలేదని ఇప్పుడంటే అబద్ధం అవుతుంది.

అక్కని నదికి అవతల షాలిమార్‌లో ఇచ్చారు. బావ గూడ్స్ యార్డులో పనిచేసేవాడు. మా రేవు దగ్గర నిలబడితే నీళ్ళకవతల ఒడ్డు కనిపిస్తుంది. పెళ్ళైన కొత్తలో నేను రోజూ వెళ్ళి చూసేదాన్ని, అక్క కనపడుతుందన్నట్టు. పుస్తకం నాకే వదిలిపెట్టి వెళ్ళింది. పెళ్ళిలో తీసిన ఫోటో అత్తవారింట్లో ఉండిపోయింది. మా ఇంట్లో అక్క ఫోటో ఇంకొకటి లేదు. ఆడపిల్లకి ఊరికే ఫోటో తీయించే ఇల్లు కాదు మాది.

ఆ పై వానాకాలంలో ఒక గురువారం మధ్యాహ్నం అక్క వచ్చింది. పడవలో నది దాటి, ముద్దగా తడిసి, జుట్టు చెంపలకి అంటుకుపోయి గుమ్మంలో నిలబడింది. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. పచ్చకామెర్లు. అత్తవారు తన కంచం వేరు చేశారని, పడక వరండాలోకి మార్చారని, వానజల్లు పక్క మీద పడుతోందని చెప్పింది. ఏడవలేదు. "నానింక ఎల్లనమ్మా. ఠోంగాలు సేసుకుని పడుంటాను" అంది. అమ్మ తల తుడిచింది, వేడన్నం పెట్టింది. పసరు మందు తెప్పించి పోయించింది. నేను అక్క పక్కన పడుకుని, కథలో లాగే జరిగిందని, ఇక అక్క మాతోనే ఉంటుందని సంబరపడ్డాను.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం ఆడపిల్లని గడప దాటిస్తే ఇంట్లో లక్ష్మి వెళ్ళిపోతుందట. కాబట్టి ఆరోజు అక్కకి నలుగు పెట్టి, పసుపు రాసి, నా పక్కనే కూర్చోబెట్టి భోజనం పెట్టారు. శనివారం పొద్దున్న అమ్మ అక్క బట్టలు మూట కట్టింది. "పెల్లైన గుంట పుట్టింట్లో కూకుంటే నలుగురూ ఏటంటారు? రోగం రానోల్లెవులు? తగ్గిపోద్ది, ఎల్లు" అంది. నాన్న గొడుగు తీశాడు. అక్క గుమ్మం దగ్గర గుంజ పట్టుకుని నిలబడింది. "అమ్మా, నాలుగు రోజులుంటానే" అని అడిగింది. నాలుగు రోజులే అడిగింది మా అక్క. అమ్మ దాని వేళ్ళు గుంజ మీంచి తీసి, నాన్న వెనకాల నడిపించి, తలుపు వేసేసింది. నేను బయటికి పరిగెడతానని గొళ్ళెం కూడా పెట్టింది.

దుర్గాపూజల డోలు మొదలు కాకముందే అక్క పోయింది. వరండాలోనే పోయిందని విన్నాం. 

ఏడాది తిరక్కుండా మా తమ్ముడికి విడవకుండా జ్వరం పట్టుకుంది. మా వీధిలో పూనకం వచ్చే ముసలమ్మ ఒకామె ఉండేది. ఆమె ఊగి ఊగి చెప్పింది, మీ ఇంటి ఆడపడుచు పుస్తెలతో పోయింది, నిలవడానికి చోటు లేక వానలో తిరుగుతోంది, చోటివ్వండి అని. కూతురు బతికుండి నోరు తెరిచి చోటు అడిగితే వినపడని మా అమ్మకి, ముసలమ్మ నోటి నుంచి వచ్చేసరికి వినపడింది. పటం పెట్టాలి, ఫోటో లేదు. షాలిమార్ మనుషుల్ని అడిగితే ఇవ్వలేదు, అప్పటికే బావ రెండో పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడు అమ్మ నా దగ్గరికొచ్చి ఆ పుస్తకం తీసుకుంది. అన్నం తినే పిల్ల బొమ్మ ఉన్న కాగితం చింపింది. "ముక్కూ మొకం అంతా దానిదే. మచ్చతో సహా" అంది. నాన్న రేవు వడ్రంగి చేత చట్రం కట్టించి గాజు వేయించాడు. అక్క వేలితో పెట్టిన బొట్టు మీదే అమ్మ మళ్ళీ బొట్టు పెట్టింది. తమ్ముడికి జ్వరం తగ్గింది. ఇంకేముంది, మా అక్క దేవతైపోయింది. మిగతా పుస్తకాన్ని ఆ వానలకే చెదలు తినేశాయి.

ఇదంతా తియాసాకి తెలియదు. ఆ పిల్ల తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. నేను ఇన్ని కథలు రాశాను, ఒక్కటీ చదవలేదు, చదవలేదని నేనూ నొచ్చుకోవడం మానేశాను. కాని బొమ్మల సీరియళ్ళు చూసి చూసి జపాన్ భాష నేర్చుకుంది. నేను టీషర్టు కేసి చూడటం గమనించి నవ్వింది. "నానమ్మ పటంలో ఉంది ఈ అమ్మాయే అత్తా. నాకూ మొన్నే తెలిసింది. చాలా ఫేమస్ కామిక్. ఎప్పుడో ఒకసారి సినిమాగా తీశారంట, తర్వాత సీరియల్. ఇప్పుడు మళ్ళీ కొత్తగా తీశారు, ఏక్‌దమ్ భయం. చూపిస్తా, బోసో" అని నన్ను సోఫాలో కూర్చోబెట్టింది. లోపలి గదిలోంచి అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. కళ్ళకి ఆపరేషన్ చేయించాక మా అమ్మకి గోడ మీద బల్లి కూడా కనపడుతుంది.

గోడంత టీవీలో ఆ పిల్ల కదిలింది. మొట్టమొదటి దృశ్యం అన్నం తినడం. గిన్నె చేత పట్టుకుని నవ్వుతోంది, ఎదురుగా తల్లి. నేను తియాసాని ఆపమన్నాను. "చివరినుంచి పెట్టావేంటే?" అన్నాను. "లేదత్తా, ఇదే ఫస్ట్" అంది. ఆ పిల్లకి ఏదో అంటురోగం వస్తుంది. ఊరివాళ్ళు భయపడతారు. తల్లే వానలో బయటికి పంపి తలుపు వేసేస్తుంది. పిల్ల గుమ్మంలోనే చచ్చిపోయి దెయ్యమై, ఇల్లిల్లూ తిరిగి తలుపులు తడుతూ ఉంటుంది. తర్వాత ఎన్ని పుస్తకాలొచ్చినా, ఎన్ని సీరియళ్ళు తీసినా ఇంతే, తడుతూనే ఉంటుంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ పుస్తకం ఉండేదన్నాను. తియాసా ఫోన్‌లో ఆ పుస్తకం బొమ్మలు తీసి చూపించింది. "జపాన్ కామిక్ ఉల్టా ఉంటుందత్తా. కుడి నుంచి చదవాలి. మీరు మనలాగ ఎడమ నుంచి చదివుంటారు. అందుకే ఎండింగ్‌ని స్టార్టింగ్ అనుకున్నారు" అని చెప్పింది. ఆ చెయ్యి పేజీ వచ్చింది. తల్లి చెయ్యి తలుపు తియ్యడం లేదు. వేస్తోంది.

మా అక్క ఆ కథ నమ్మింది. తడిసి గుమ్మంలో నిలబడితే అమ్మ తలుపు తీస్తుందని, లోపలికెళ్ళి అన్నం తింటే మళ్ళీ మనిషినవుతానని నమ్మి నది దాటి వచ్చింది. దాని జీవితం మాత్రం కుడి నుంచే చదివినట్టు జరిగింది. అన్నం ముందు, తలుపు తర్వాత. జపాన్‌లో ఎవడో కూర్చుని భయపెట్టడానికి గీసిన కథని మా అక్క ఓదార్పుగా మార్చుకుంటే, మా ఇల్లు దాన్ని మళ్ళీ భయం కథగా సరిచేసిపెట్టింది.

టీవీలో ఆ పిల్ల తలుపు కొడుతోంది. లోపల తల్లి చెవులు మూసుకుని కూర్చుంది. తియాసా దిండు గట్టిగా పట్టుకుని, "తల్లి ఎంత రాక్షసి చూడు నానమ్మా" అంది. మా అమ్మ టీవీ వైపే చూస్తూ, "దాని తప్పేటున్నాది? ఊరు ఊరుకుంటాదేటి? ఇంట్లో ఇంకా పిల్లలున్నారు గదా" అంది. నెమ్మదిగా, ఎవరి గురించో మాట్లాడినట్టు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

లేచి పూజగదిలోకి వెళ్ళి పటం తీసుకొచ్చాను. కూరగాయల కత్తితో వెనక మేకులు లాగి అట్ట తీశాను. ఇన్నేళ్ళూ గోడ వైపున్న పక్క బయటికొచ్చింది. ఆ చెయ్యే. కాగితం పచ్చబడింది గాని చెయ్యి స్పష్టంగానే ఉంది, గాజులు లేని ముంజేయి, తలుపు అంచు మీద నాలుగు వేళ్ళు. దాన్ని మా అమ్మ ఒళ్ళో పెట్టాను. "అమ్మా, చూసి చెప్పు. ఈ చెయ్యి తలుపు తీస్తోందా, వేస్తోందా?" అన్నాను. 

తియాసా టీవీ ఆపేసింది. అమ్మ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడవాలనే కోరుకున్నాను. ఒక్కసారి, ఒక్క మాట, పంపకుండా ఉండాల్సింది అంటే చాలు. ఆ పటం నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళి రోజూ దీపం పెట్టేదాన్ని.

"ఏస్తంది" అంది అమ్మ. కాగితం నా చేతికిచ్చి, పమిట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "శుక్రారం కాదు గదే. శనారమే పంపినాను" అంది.

ఇన్నేళ్ళూ మా అమ్మ నిద్రపోవడానికి ఆసరా ఇదన్నమాట. వారం చూసి పంపింది. 

నేను ఆ కాగితాన్ని చెయ్యి బయటికి కనపడేలా చట్రంలో పెట్టాను. మా అక్క బొట్టు పెట్టిన నవ్వుమొహం అట్ట వైపు వెళ్ళింది. అక్కడుంటేనే నయం, పసుపు కుంకాల బెడద ఉండదు. మేకులు కొట్టి, అమ్మ మంచం ఎదురుగోడకి నేనే తగిలించాను. "ఇది నీదేనమ్మా. నేను తీసుకెళ్ళను. దీపం కూడా నేను పెట్టను" అని చెప్పాను. తియాసా నన్ను లిఫ్టు దాకా దిగబెట్టి, "అత్తా, పైడమ్మత్త కథ నాకు చెప్తావా?" అని అడిగింది. చెప్తాను, మా అక్క చెప్పినట్టే ఎడమ నుంచి చెప్తానన్నాను. "అది తప్పు కదా" అంది. తెలుసన్నాను.

మొన్న శుక్రవారం సాయంత్రం తియాసా నా ఫోన్‌కి ఒక ఫోటో పంపింది. అమ్మ కుర్చీ లాక్కుని గోడ దగ్గరికి వెళ్ళి, దీపం వెలిగించి, పటానికి పూజ చేసుకుందట. కింద తమలపాకు, దాని మీద కొత్త రవికెల గుడ్డ. తలుపు మీద ఉన్న ఆ చేతికి, వేళ్ళ మధ్యన, రూపాయి కాసంత కుంకం బొట్టు పెట్టి ఉంది.